బందు కబురు

ఏప్రిల్ నెలాఖర్లో ఫోనొస్తుంది నాకు:
"దానియేలూ, రాత్రి పన్నెండుకి కాలువ బందు."
ఆయ్ అంటాను.
టార్చి పుచ్చుకుని లాకుల మీదికెళ్ళి
చక్రం తిప్పుతాను.
పలక దిగేటప్పుడు నీళ్ళు ఒక్కసారి అరుస్తాయి,
తర్వాత సణుగుతాయి,
తెల్లారేసరికి బురదలో మట్టగిడసలు.
ఇరవైరెండేళ్ళ లస్కరు పని.
పొమ్మంటే పోని నీటిని చూడలేదు.

మా ఎస్తేరు మెడలో మొదట చింతగింజంత.
రెండో తరగతికి పోకచెక్కంత.
ఆనక రెండు పక్కలా, చంకల్లో,
గెలకి పిందెలు దిగినట్టు.
ఆరెంపీ గారు గవదలన్నాడు, సున్నం పెట్టమన్నాడు.
అమలాపురంలో టీబీ అన్నారు.
ఆరు నెలలు పిల్ల ఉచ్చ ఎర్రగా పోసింది,
పిందె ఒక్కటీ రాలలేదు.
కాకినాడలో ముక్క కోశారు.
"ఆ పెద్దదేమో" అన్నారు, పేరు పెట్టకుండా.

పదకొండు రోజులు ఆ కాగితం కోసం
యానాం వంతెన మీద అటూ ఇటూ.
గోదారి ఇంత వెడల్పు ఎందుకుండాలో
బస్సులో కూచుని కోపమొచ్చేది.
పెద్దది కాదన్నారు.
బస్టాండులో ముక్కూమొహం తెలియని నలుగురికి
టీ పోయించాను.
మరేంటని అడగడం మర్చిపోయాను.

కాళ్ళ మీద నల్లటి కములు చూసి
"ఎవరు కొట్టారమ్మా" అంటే టీచరు,
"నా రక్తమేనండి" అందట మా పిల్ల.

వెల్లూరు వెళ్ళిన రక్తం తొమ్మిది వారాలకి తిరిగొచ్చింది.
డాక్టరమ్మ చీటీ వెనక సున్నా చుట్టి
దాని మీద చెవిలాంటిదొకటి గీసింది.
"తెల్లకణాలండీ. జ్వరమొస్తే పుడతాయి, కొట్లాడతాయి.
పనైపోయాక చచ్చిపోవాలి.
ఆ మాట వినే చెవి, మీ పాపకి వంకర."
"అయితే చావవాండి?"
"చావవు. పోగుపడతాయి.
కొన్ని దారి తప్పి సొంత రక్తాన్నే కరుస్తాయి."
ఆయ్ అన్నాను,
చక్రం తిప్పే చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని.

మా ఇద్దరి రక్తమూ కావాలంది.
సువార్త ముందు చెయ్యి చాపింది,
తప్పు తనదేనని అప్పటికే ఒప్పేసుకున్న మొహంతో.
తేలింది నాలో.
అదే చెవి, అదే వంకర,
నలభైనాలుగేళ్ళుగా కిక్కురుమనకుండా.
"కొందరిలో ఊరుకుంటుందండి" అంది డాక్టరమ్మ.

ఆ రాత్రి ట్రంకుపెట్టెలో మార్తక్క ఫొటో వెతికాను.
పెద్ద వరదకి ముందు యేడు పోయింది,
ముక్కున రక్తం ఆగక.
గాలన్నారు. దిష్టన్నారు.
ఫొటోలో మండుటెండ,
అక్క మెడకి గడ్డం దాకా తువ్వాలు.
కాగితం మీద వేలు పెట్టి
ఆ తువ్వాలు పక్కకి లాగబోయాను.

ఆదివారం పాస్టరు గారు నిత్యజీవం గురించి చెప్పారు.
అందరూ ఆమేన్ అన్నారు.
నేను గొంతు తడుముకుంటున్నాను.

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక బిళ్ళ.
పిందెలు తగ్గాయి, పోలేదు.
బొజ్జలో ప్లీహం పొంగి ఉంది,
దెబ్బ తగలకూడదు, ఖోఖో వద్దన్నారు.
గెంతే పిల్లల్ని గట్టు మీద కూచుని లెక్కపెడుతుంది.
"చావనివాటిని చంపడానికి బిళ్ళా?" అని నవ్వింది ఓసారి.
సువార్త నవ్వలేదు.

నిన్న బందు కబురొచ్చింది.
టార్చి తను పట్టుకుంటానని వెంటొచ్చింది ఎస్తేరు.
పలక దిగింది. నీళ్ళు అరిచాయి.
"మొత్తం ఆగిపోయిందా నాన్నా?"
వెలుతురు కిందికి పట్టమన్నాను.
పలక అంచున దారప్పోగంత కారుతూనే ఉంది,
ఏ యేడూ పూర్తిగా ఆగదది.
కాసేపు చూసింది.
టార్చి నా మొహం మీదికి తిప్పి
"నీకూ ఉందంట కదా, వంగు" అంది.
వంగాను.
చల్లటి వేళ్ళతో మెడ రెండు పక్కలా వెతికి
"పీల్చు" అంది డాక్టరమ్మ గొంతుతో.
పీల్చాను.
"ఊఁ. ఇప్పుడు వదులు."