ఎనిమిదో చప్పుడు

ఫోన్‌ను నీళ్లబిందెకు ఆనిచ్చి పెట్టింది నౌషీన్.
"రెండు సెకండ్ల ముచ్చట కాకా,
పది నిమిషాలు సాగదీసిన్రు."
గోదావరిఖనిల మా పక్క క్వార్టర్ పిల్ల, పాలిటెక్నిక్ సదువుతది.
కిటికీలకెల్లి రామగుండం పొగగొట్టం ఎర్రలైటు
ఆరుకుంట ఎలుగుకుంట.

ముప్పై ఒక్క ఏండ్లు బాయిల మందు పేల్చిన,
మంటను ఎన్నడు సూడలే.
బొక్కలు నింపుడు, తీగె గుంజుడు,
మూల మలిగి నిలవడుడు,
మూడుసార్లు "ఫైర్" అని ఒర్లుడు, కీ తిప్పుడు.
జరిగిందానికి నా చెవులే సాక్షి.

ఇండ్ల ముందుగాల మంట రాదు.
ముర్కి పసుప్పొగ,
ఎవలో తుమ్మబోయి ఆపుకున్నట్టు.
అటెన్క ఎలుగు.
ఎలుగంత కిందికే పోతున్నది,
రాకెట్ మాత్రం కదుల్తలేదు.

"లేస్తలేదేంది బిడ్డా?"
"పట్కున్నరు కాకా. ఉక్కు చేతులు నాలుగు.
ఇంజన్లు తొమ్మిది సక్కగ మండుతున్నయని
లెక్క తేలినంకనే ఇడుస్తరు.
ఒక్కటి తక్కువైనా ఆర్పేస్తరు."

ఒక్కటి తక్కువైనా.

ఒంటి మీది మంచు పెచ్చులు పెచ్చులుగ ఊడుతున్నది
వానకు నానిన సున్నం గోడ తీర్గ.
ఒక పెచ్చు మంట దాక దిగేసరికి
నా చాయ గిలాస ఒడిశింది.

కింద చెరువంత నీళ్లు గుమ్మరిస్తున్నరు.
"మంట ఆర్పనీకా?"
"కాదు కాకా, చప్పుడుకు.
నేలకు కొట్టుకొని తిరిగొస్తె
చప్పుడే రాకెట్‌ను పలగ్గొడ్తది.
నీళ్లు దాన్ని మింగుతయి."

ఆ దినం ఎనిమిది బొక్కలు నింపినం
ఓదేలు, నేను.
మూలకు ఒరిగి లెక్కవెట్టిన.
ఎనిమిది.
ఏడోదానికి ఎనిమిదోదానికి నడుమ
జరంత ఎడం, గంతే.
పొగ వోనిచ్చి "పా" అన్న.
తట్ట, చెమ్మస్ వట్టుకొని ఓదేలు ముందు నడిశిండు.
చెమ్మస్ దేనికో తాకింది.

ఎంక్వయిరీల రాసిన్రు: పేలింది ఏడు.
నా చెవులకు పరీక్ష వెట్టిన్రు, మంచిగనే ఉన్నయన్నరు.
మరి నేను ఇన్నదేంది?
ఇరవై రెండేండ్లు అడిగిన, ఎవలను అడగాల్నో తెల్వక.
ఎదురుంగ ఉన్న బండ
ఏడోదాన్నే మల్లొకసారి చెప్పిందా.
మా కాడ నీళ్లు మోకాళ్ల మట్టం ఉండె,
మింగలే.

"చప్పుడు పెట్టు బిడ్డా, ఇంటా."
"ఉండది కాకా. ఇంత మెల్లగ తీస్తె
చప్పుడు చేతికి రాదు."
గట్లనా.

"అయితె ఆ చేతులిడిశే కాడ మల్ల పెట్టు."

పెట్టింది.
నాలుగు చేతులు ఎనుకకు వంగినయి.
ఇడిశినంక గూడ అది జరసేపు
ఆడ్నే ఉన్నది,
మూల కాడ ఓదేలు
నా దిక్కు జూసినట్టు.