తలకిందులైన అక్షరం

క్రిస్టియానియా నుంచి పండితుడొచ్చాడు,
తడి గొడుగు నా గడప మీద ఆరబెట్టి.
క్వాలె నవలల మీద పరిశోధనట.
నలభై ఒకటో పేజీ తెరిచి చూపించాడు.
ఏడు నవలల్లోనూ అదే పేజీలో
ఒక అక్షరం తలకిందులుగా ఉంది.
"హెర్డిస్ గారూ, ఇవి కూర్చింది మీరే కదా?"

నేనే.
ఆయన రాత కోడి కెలికిన పెంటకుప్ప.
ప్రెస్సులో పదకొండుమంది మగవాళ్ళు చేతులెత్తేస్తే
పందొమ్మిదేళ్ళ నా ముందు విసిరేశాడు ఫోర్‌మన్.
ఆ వారమే ఆయన వచ్చాడు,
కోటు నిండా బెర్గెన్ వాన, రేవులోని ఎండుచేపల వాసన.
"నా 'అందుకని'ని నువ్వు 'అయినా' అని చదివావు" అన్నాడు.
కాసేపాగి,
"అదే బాగుంది. ఉండనీ."

మేం ఉత్తరాలు రాసుకోలేదు.
కాగితానికి నోరు జారే జబ్బు.
ఆయనకి భార్య,
తలుపు చప్పుడుకే మేలుకునే అత్తగారు;
నాకు చర్చిలో మూడో వరసలో నాన్న.

అందరూ వెళ్ళాక
స్టిక్కులో సీసపు అక్షరాలు పేర్చేదాన్ని,
ఒక్క వాక్యం, అద్దంలో ముఖంలా తిరగబడి.
చదవడం నేర్చుకున్నాడాయన
దీపం ఆర్పేసి, వేలి కొసతో.
చదివాక విప్పేసేదాన్ని,
ఏ గడిది ఆ గడిలోకి.
తెల్లారేసరికి అవే అక్షరాలు
హెర్రింగ్ పీపాల వేలం ప్రకటన,
ఎవరిదో చావు కబురు,
పురపాలక సంఘం వారి పొగగొట్టాల పన్ను.
మా మాటల్ని ఊరంతా చదివి
చేపలు చుట్టుకుంది.

నవలకొక అక్షరం మాత్రం
విప్పకుండా ఉంచుకున్నాను.
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
ప్రూఫులో నలభై ఒకటో పేజీ దగ్గర
ఎర్రసిరా కలం ఎత్తి,
దించేశాడు.

ఏడోదానికి ప్రూఫు చూడ్డానికి ఆయన లేడు.
శవపేటిక వెనక ఊరేగింపులో
ప్రెస్సు వాళ్ళది చివరి వరస,
అందులో ఆడవాళ్ళది ఆ చివర.
మర్నాడు పనిలోకి వెళ్ళాను.
నలభై ఒకటో పేజీ వచ్చింది.
అయినా తిప్పాను.

కుర్రాడు పెన్సిలు చెక్కుకుని ఎదురుచూస్తున్నాడు.
"పొరపాటు బాబూ. దీపం మసి, చూపు ఆనేది కాదు."
"ఏడుసార్లా?"
"ఇక్కడ వాన ఎక్కువ."

రాసుకున్నాడు, అది కూడా.
ముత్యాల్లాంటి దస్తూరీ.
పాపం, ఆ రాతతో
ఎవర్నీ దాచుకోలేడు.