చీటీ పాడిన ఆదివారం

అమ్మ చీటీ పాడింది.
ఎప్పుడూ ఆఖరి నెలదాకా ఆగే మనిషి
ఈసారి మూడో నెలకే పాడేసింది.
మిక్సీకి కాదు, కమ్మలకు కాదు.
"ఆదివారం నేను పొయ్యి ముట్టించను" అంది,
అంతే.

వేలూరు రోడ్డులో మిద్దె మీద కొత్త హోటలు.
మెట్ల పొడుగునా ఎర్ర కాగితం లాంతర్లు,
తలుపు మీద కాళ్లొచ్చిన పాము.
"డ్రాగను" అన్నాడు మా తమ్ముడు మునిశేఖర.
"ఏదో ఒకటిలే, పుట్ట లేని పాము" అంటా
అవ్వ చెప్పులు బయట విడిచి
కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చింది.

తలకు నాలుగు వందల తొంభై తొమ్మిది.
నాయన వేళ్ల కణుపులు లెక్కబెట్టి
"తలా కేజీ రొయ్యలన్నా తింటేనే గిట్టుబాటు" అని తేల్చినాడు.
అందుకోసమని పొద్దున ఇడ్లీ కూడా ముట్టని మనిషి
మొదటి సూపు కారానికే
తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

మూతలెత్తితే ఆవిరి.
ఆవిరి వెనక,
మాకు నూటయాభై కిలోమీటర్ల అవతల ఉండాల్సిన సముద్రం
అల్లం రుద్దుకుని, సోయా పూసుకుని
స్టీలు బేసిన్లలో వరసగా పడుకోనుంది.

అవ్వకు తెలిసిన సముద్రం ఎండిపోయిన సముద్రం.
ముప్పై ఏండ్లు శుక్రవారం సంతలో
కరువాడు గంప ముందర కూర్చుని
నెత్తళ్లను దోసిళ్లతో కొలిచింది.
తడి పీతను చేతిలోకి తీసుకోని
"నువ్వింత బరువుంటావా" అని అడిగింది దాన్నే.
మేమంతా డొప్పతో కుస్తీ పడతా ఉంటే
వడ్డించే పిల్లోడు రెండు పుల్లలు తెచ్చిచ్చినాడు.
అవ్వ ఒకటి వెనక్కిచ్చేసి
రెండోదాన్ని పీతకాల్లోకి పొడిచి
కండంతా ఒక్క తోపుతో బయటికి లాగింది.
పిల్లోడు నోరు తెరిచినాడు.
వాడిది చైనా అనుకున్నాము. మణిపూరంట.
"మీ అమ్మ ఏం వండతాది?" అనడిగింది అవ్వ తెలుగులోనే.
వాడికి ఏమర్థమైందో, ఇంకో పీత తెచ్చి పెట్టినాడు.

ఉల్లిగడ్డ బజ్జీలనుకుని
తమ్ముడు గుండ్రాలు ప్లేటుకు గోపురం కట్టుకొచ్చినాడు.
ఒకటి కొరికి, లాగి, ఇంకా లాగి,
"రబ్బరు" అన్నాడు.
గోడ మీద బోర్డు: మిగిలిస్తే నూరు రూపాయలు.
ప్లేటు మెల్లగా జరిగింది.
తమ్ముడి నుంచి నాకు, నా నుంచి నాయనకు,
నాయన నుంచి, తల తిప్పకుండానే, అమ్మకు.

అమ్మ ఒక వేలితో దాన్ని వెనక్కి తోసింది.
"ఈ పొద్దు నేను మిగిలింది తినను."

కోపంగా కాదు. ఉప్పు అందుకో అన్నట్టు.

ఏసీ చప్పుడు వినిపించింది కాసేపు.
నాయన ఒక గుండ్రం తీసుకున్నాడు.
నేనొకటి. తమ్ముడు కండ్లు మూసుకుని రెండు.
పదకొండో గుండ్రానికి నాయన అన్నాడు:
"నమలంగా నమలంగా రుచి వస్తాదే దీనికి."
అబద్ధమేమీ కాదు.

అమ్మ లేచి పోయింది ఒక్కతే.
మాకేం కావాలని అడగలేదు.
ఉడికించిన చేప, పైన సన్నంగా తరిగిన అల్లం,
ఒక పచ్చిమిరపకాయ.
కిటికీ పక్కన కూర్చుని
ముల్లు ముల్లూ ఏరుకుంటా
బస్టాండు వైపు పోయే జనాన్ని చూస్తా తినింది.
నీళ్లు కావాలని ఎవరం పిలవలేదు.

ప్లేటులో వెన్నుముల్లు ఒక్కటే మిగిలింది,
పండ్లు ఊడని దువ్వెన మాదిరి.
దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి
చెయ్యి కడుక్కోబోయి, ఆగి,
"ఇంకోటి తెచ్చుకుంటా" అంది.