రెండో గేరు దగ్గర

లోవరాజు బండి వస్తోందంటే
ఆటోనగర్‌లో నాలుగు షెడ్ల అవతల నుంచే తెలుస్తుంది.
ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు
వెనకనుంచి ఎవరో తన్నినట్టు
ధడేల్‌మని.
పార్వతీశం కొట్లో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.

ఒకప్పుడది పోర్టు ఫైరింజను.
వేలంలో కొని, నీలం రంగు కొట్టించి
ఫిషింగ్ హార్బరుకి ఐసు మోయిస్తున్నాడు.
గీత పడ్డచోటల్లా కిందనుంచి పాత ఎరుపు చూస్తుంటుంది.
క్లచ్ లేదు, గేరు రాడ్డు లేదు,
ఎడమకాలికి పనే లేదు.
అందుకే అతని కుడి చెప్పు అరిగింది,
ఎడమది ఇంకా కొత్త వాసనేస్తుంది.

"ఐసు దిమ్మలు పగిలిపోతన్నాయి గురూ.
జెట్టీకి ఎల్లేసరికి సగం నీళ్లే.
డబ్బా దింపాలంటన్నారు, లచ్చా ఎనభై వేలంట.
బండే అంత సెయ్యదు."

నేను జవాబు చెప్పలేదు.
మా దాలినాయుడు మావ నేర్పిన పని ఇది:
పళ్లు చూడకుండా ఎద్దుని కొనకు,
నూనె చూడకుండా బాక్సు దించకు.

ఇంజన్ ఆపకుండా, వేడి మీద,
కొలత పుల్ల లాగి తెల్లగుడ్డ మీద తుడిచాను.
ఎరుపు ముదిరింది,
నిన్నటి చారు రంగు.
కానీ మాడిన వాసన లేదు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే
ఇసుక తగల్లేదు.
లోపల పళ్లేలు బతికే ఉన్నాయి.

కిందకి దూరాను.
ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని ఊపాను.
క్రాసు కొంచెం వదులు,
ఇంత దెబ్బకి అది చాలదు.
మౌంటింగు రబ్బర్లు ముసలివే, చిరగలేదు.
వీపు కింద గులకరాయి ఒకటి గుచ్చుకుంటూనే ఉంది.
తీసి పారేయడానికి చెయ్యి ఖాళీ లేదు.

"పద, సింధియా దాకా పోదాం" అన్నాను.
"కాలు ఆన్చీ ఆన్చనట్టు పెట్టు."
గుడ్డు మీద పెట్టినట్టే పెట్టాడు.
అయినా ఇంజన్ అరిచింది, అరిచింది,
ఎప్పటికో గేరు మారింది.
ధడేల్!
ఇద్దరం అద్దం వైపు తూలాం.

అప్పుడు వెలిగింది.
లేత కాలికి ఇంత మోటు దెబ్బెందుకు?

బాక్సుకి కళ్లుండవు.
డ్రైవరు ఎంత నొక్కాడో
ఇంజన్ నుంచి ఒక సన్నటి తీగ వెళ్లి చెప్పాలి.
మెల్లగా అంటే మెల్లగా మారుస్తుంది,
గట్టిగా అంటే బిగించి కొడుతుంది.
లోవరాజుని యాక్సిలరేటర్ తొక్కమని
ఆ చివర చూశాను.
తీగ కదల్లేదు.
సముద్రపు గాలి తొడుగులోకి దూరి
ఉప్పూ తుప్పూ ఒక్కటై
పూర్తిగా లాగిన చోటే దాన్ని పట్టేసింది.

అంటే ఇన్నాళ్లూ బాక్సుకి అందుతున్న కబురొకటే:
తొందర, తొందర, తొందర.

ఎక్కడో మంటలంటుకున్నాయని
పాత ఉద్యోగం ఇంకా చేస్తోందనిపించింది.
లోవరాజుతో అంటే నవ్వుతాడని
తుప్పు అని మాత్రం చెప్పాను.

కంచరపాలెం నుంచి కొత్త తీగ వచ్చేసరికి మూడున్నర.
వెల పద్నాలుగు వందలు, నా కూలి విడిగా.
పొడవు సరిచూసి, బిగించి, మళ్లీ వదులు చేసి,
మూడోసారికి కుదిరింది.

మల్కాపురం దాటాక అడిగాడు:
"ఇంకా రెండోది పడలేదేటి?"
"మూడులో ఉన్నావు."
"నిజమే?"

మళ్లీ ఆపి, మళ్లీ కదిలించాడు.
ఇంజన్ గొంతు తగ్గింది, అంతే,
నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు.
అతను మాత్రం
స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, భుజాలు బిగించి,
పళ్లు కరుచుకుని
రాని దెబ్బకోసం కాచుకున్నాడు.

వారం పడుతుంది, అన్నాను.
దేనికో అతను అడగలేదు.