వెల కట్టడం

జెరుబ్బాబెలు విట్లాక్ చనిపోయిన తొమ్మిదో రోజు
కోర్టు పంపితే ముగ్గురం వెళ్లాం:
పెలెగు ఓర్టన్, వాళ్ల తమ్ముడు, సిరాబుడ్డితో నేను.
తలుపుకు అడ్డంగా మోకాలెత్తు మంచు.
పారతో ఎత్తిపోసుకుంటూ లోపలికి దారి చేసుకున్నాం.

ముందుగదిలో ఉన్నికోట్లు రెండు, ఒకటి చిరుగు.
పన్నెండు షిల్లింగులు, అన్నాడు పెలెగు.
పది, అన్నాడు తమ్ముడు.
పదకొండు రాశాను.

ఇనప్పెట్టె. అడుగున రంగు కలిపే కర్ర,
నీలిమరక ఇంకా వదల్లేదు.
లింకన్‌షైర్ బురదనేలల్లో పెద్దాయన బట్టలకు నీలం అద్దేవాడు.
ఇప్పటి పిల్లలకు ఆ సంగతి తెలియదు,
గవర్నరుగానే పుట్టాడనుకుంటారు.
ఓడలో నాకు ఆరేళ్లు. రొట్టె విరిచి ఇస్తుంటే
ఆయన గోళ్ల సందుల్లో నీలం చూసి
సముద్రాన్ని ముట్టుకుంటే అంటుకుందేమో అనుకున్నాను.
నేనూ చెయ్యి ముంచబోతే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

బిషప్పు మనుషులు ఆయన్ని నిలబెట్టి అడిగారట:
దేవుడి మాట చెప్పడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?
ప్రతి చలికాలం నిప్పు దగ్గర ఆ ప్రశ్న చెప్పి నవ్వేవాడు.
తనిచ్చిన జవాబు మాత్రం
ఏడాదికొక రకంగా ఉండేది.

రాగిబానలు మూడు. నాలుగోది లేదేం, అన్నాడు పెలెగు.
నాలుగోది నానుమెట్‌కు ఇచ్చాడు కదా,
పన్నెండు కోట్లు, ఆరు గొడ్డళ్లతో పాటు,
నది మలుపు నుంచి ఉప్పుపర్ర దాకా నేలకు బదులుగా.
నానుమెట్ కాగితం మీద గుర్తుగా విల్లు గీశాడు.
మరుసటేడు తనవాళ్లతో వచ్చి
ఎప్పటిలాగే మొక్కజొన్న నాటబోతే
మా కంచె అడ్డొచ్చింది.
దాని మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు,
జబ్బుచేసిన గొడ్డును తడిమి చూసినట్టు.
పెద్దాయన లోపలికెళ్లి కాగితం తెచ్చాడు.
నానుమెట్ వెనక్కెళ్లి బాన తెచ్చాడు.
చీకటిపడే దాకా కంచెకు అటొకరు ఇటొకరు,
ఎవరి సాక్ష్యం వారు పట్టుకుని.

బైబిలుకు వెల కట్టకూడదన్నాడు తమ్ముడు.
కోర్టు కట్టమంటుంది. ఎనిమిది షిల్లింగులు.

దాని పక్కనే ఊరి పుస్తకం.
మూడేళ్లుగా ఆయన దగ్గరే ఉండిపోయింది,
అడిగితే రేపు అనేవాడు.
అది ఆస్తి కాదు, లెక్కలోకి రాదు.
అయినా తెరిచాను.
వేలు దానంతటదే ఆ జనవరి దగ్గరికి పోయింది.

థామసిన్ గ్రైలింగ్, విధవరాలు.
పాలు పితుకుతుంటే దేవుడు తనతో మాట్లాడాడంది.
అన్నది అంతే, ఇంకేమీ కాదు.
పెద్దాయన ఆమెను ప్రార్థనామందిరం మధ్యలో నిలబెట్టి అడిగాడు:
దేవుడి మాట చెప్పడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?
నాకు పంతొమ్మిదేళ్లు, రాతపని కొత్త.
కలం ఆగింది.
ఆయన నా వైపు చూశాడు.
రాయి, అన్నాడు.
రాశాను.

గడ్డకట్టిన నది మీదుగా ఒక మేకను తోలుకుంటూ వెళ్లిపోయింది.
నానుమెట్ వాళ్ల గుడిసెలో
ఆ నాలుగో బానలో కాచిన గంజి తాగి బతికిందని
మంచు కరిగాక కబురొచ్చింది.
ఆ కబురు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

ఇప్పుడు చూస్తే, వెలివేత అలాగే ఉంది,
తేదీ, సంతకం, నా వంకర అక్షరాలు.
ప్రశ్న ఉన్న వరసను మాత్రం ఎవరో కత్తిమొనతో గీకేశారు.
ఆ చోట కాగితం ఉల్లిపొర.
కిటికీకి ఎత్తి పట్టుకుంటే
బయటి మంచు కనిపించింది.

ఇంకేమైనా మిగిలిందా, అన్నాడు పెలెగు.
ఒక కర్ర, అన్నాను. నీలంది.
వెనక్కి తిరిగేసరికి తమ్ముడు దాన్ని పొయ్యిలో పెట్టేశాడు,
చలిగా ఉందని.
మంట నీలంగా వస్తుందేమోనని చూశాను.
మామూలు కర్రలాగే కాలింది.