నలుగురు చొప్పున

త్బిలిసిలో గోడల పగుళ్ళు కొలవడం నా ఉద్యోగం.
పగులు మీద సన్నటి గాజుపలక అతికించి
తారీఖు రాసి వచ్చేస్తాను.
గాజు చిట్లితే ఇల్లింకా కదులుతున్నట్టు.

నాకు దొరికిన గదీ అలాంటి ఇంట్లోదే.
చుట్టూ చెక్క వరండాలు, నడుమ లోగిలి,
లోగిట్లో అందరికీ ఒకటే కుళాయి.
వేడినీటి ఊటల గంధకం వాసనకి
మొదటి రాత్రి గుడ్లు కుళ్ళాయేమోనని అలమరంతా వెతికాను.
తలగడ వైపు గోడకి
నాకు నేనే ఒక గాజు అతికించుకున్నాను.

నీళ్ళని వాళ్ళనే మాటకి
గొంతులో ఒక గులకరాయి పగలాలి.
నాకు పగల్లేదు.
బకెట్ చూపించి నవ్వేవాణ్ణి.

మూడోరోజు పక్కగది సియాలా బామ్మ మెట్ల మీద ఆపి
గుండె మీద శిలువ గీసి చూపింది. కాదన్నాను.
చేతులు చెవులకి ఆనించింది. కాదన్నాను.
అరచేత్తో నడినెత్తి కప్పుకుంది. అదీ కాదన్నాను.
ఆవిడ దగ్గర ఇక సైగలు లేవు.
మరి నిన్నెవరు చూసుకుంటారన్నట్టు గడ్డం ఎత్తి,
నా చేతిలో రెండు అక్రోట్లు పెట్టి వెళ్ళిపోయింది.

నా కిటికీకీ ఎదుటి సోల్మాజ్ కిటికీకీ
ఒకటే బట్టల తాడు, చెరో కప్పీ.
నేను లాగితే ఆవిడ దుప్పట్లు నా మీదికొస్తాయి,
ఆవిడ లాగితే నా లుంగీ లోగిలంతా ఊరేగుతుంది.
శుక్రవారం తాడు ఆవిడది.
శనివారం కింద షాల్వా ఇంట్లో విశ్రాంతి, కప్పీ కిర్రుమనకూడదు.
ఆదివారం ఏం ఆరేసినా సియాలా కన్ను పడుతుంది.
దేవుళ్ళంతా మాట్లాడుకుని
నా చొక్కాలకి సోమవారం ఇచ్చారు.
సోమవారం వాన.

రమ్మన్నవాళ్ళు లేరు.
పొమ్మన్నవాళ్ళూ లేరు.

నవంబరులో సియాలా మొగుడు నుగ్జర్ పోయాడు.
ఆ ఇంటి ఇనుప మెట్లు నత్తగుల్లలా మెలికలు.
నిలబడ్డ మనిషి దిగుతాడు గాని
పడుకున్నవాడు దిగలేడు.
వీధి వైపున్నది నా వరండా ఒక్కటే.
కటకటా విప్పి, మోకులు కట్టి,
అక్కణ్ణించే దింపాలి.

తలుపు తీసేసరికి ఏడుగురు.
అర్మేనియా వడ్రంగి గాగిక్ చేతిలో సుత్తి,
సోల్మాజ్ కొడుకులిద్దరి భుజాల మీద మోకు.
నీ దేవుడెవరని ఎవరూ అడగలేదు.
గాగిక్ చెక్కని మడమతో తట్టి ఒక్కటే అడిగాడు:
మోస్తుందా?

నాకు తెలిసిన పన్నెండు మాటల్లో అదొకటి.
రోజూ నన్నడిగేదే,
జవాబు రాసి సంతకం పెట్టేదే.
బోర్లా పడుకుని దూలం కిందికి చెయ్యి పోనిచ్చాను.
పగుల్లో మూడు వేళ్ళు దూరాయి.
లేచి నాలుగు వేళ్ళు చూపించాను.
నలుగురు చొప్పున. అంతకు మించొద్దు.

మా భాషలో నలుగురంటే లోకం.
నలుగురూ ఏమంటారో అని బతుకుతాం,
చివరికి మోసేదీ నలుగురే.
ఇదంతా పన్నెండు మాటల్లో ఎక్కడ చెప్పను?
వేళ్ళు అలాగే ఎత్తిపట్టుకుని నిలబడ్డాను.

శవపేటికతో వాళ్ళ గుమ్మాన్ని మూడుసార్లు తట్టారు.
ఆచారమట.
ఎందుకో నా గుమ్మాన్నీ ఒకసారి తట్టారు.

షాల్వా మాత్రం లోపలికి రాలేదు.
అర్చకుల వంశం, శవమున్న కప్పు కిందికి రాకూడదు.
మూడు రోజులుగా తమ్ముడింట్లోనే పడక.
నడివీధిలో చేతులు చాచి
వానలో కార్లాపాడు.
బస్సు డ్రైవరు తిట్లన్నీ ఒక్కడే పడ్డాడు,
నుగ్జర్ కాళ్ళు నేలకి ఆనేదాకా.

ఆ సాయంత్రం పొడుగాటి బల్ల మీద
పుట్టగొడుగుల అన్నం, తేనె కలిపిన గోధుమలు.
నా కంచంలో ఎవరు వడ్డించారో చూడలేదు.
బాగా ఆకలేసింది.

కటకటా ఇంకా బిగించలేదు.
గాగిక్ రేపంటాడు.
ప్రస్తుతానికి సోల్మాజ్ అడ్డంగా బట్టల తాడు ముక్క కట్టింది.
ఇళ్ళు భద్రమో కాదో రాసిచ్చే నేను
రోజూ పొద్దున్నే టీ కప్పుతో
దాని పక్కనే గోడకి ఒరుసుకుంటూ నడుస్తాను.

తలగడ వైపు గాజు ఆ రోజే చిట్లింది.
ఆఫీసులో చెప్పలేదు.