పైకి తేలని ఆముదం

నెల్లూరు పొగతోటలో మా ఆసుపత్రి, మూడో అంతస్తు.
పొద్దున తొమ్మిదికి మందుల బీరువా తెరుస్తాను.
పెట్టె మీద పెద్దక్షరాల్లో మందు పేరు,
కింద చీమలబారులా ఒక వరస:
‘పనిచేయని పదార్థాలు.’
అందులో మొదటిది
పాలీఆక్సిల్ 35 క్యాస్టర్ ఆయిల్.
పద్నాలుగేళ్ళుగా చదువుతూనే ఉన్నాను,
ఆముదం అని ఒక్కసారీ చదువుకోలేదు.

కలిగిరి అవతల మెట్ట పల్లె నుంచి
మాలకొండమ్మ తొలి బస్సుకొచ్చింది.
రొమ్ము తీసేసిన చోట కుట్లు ఇంకా పచ్చివే.
ముందు మూడు సూదులేశాం,
ఆనక గాజుసీసా తగిలించాం.
ఈ మందును ప్లాస్టిక్ సంచిలో పోయకూడదు,
సంచిలోని మెత్తదనాన్ని లాగేసుకుంటుంది.
చుక్క.
చుక్క.

ఏడో నిమిషానికి ముఖం పండుమిరప.
‘తిరగలి పెట్టారయ్యా ఎవరో, గుండెల మీద!’
షాహిదా సిస్టర్ గొట్టం బిగించి
ఇంకో సూది పొడిచింది, ఆక్సిజన్ పెట్టింది,
ఊపిరి మెల్లగా దారికొచ్చింది.
తప్పు మందుది కాకపోవచ్చు, అన్నారు డాక్టరమ్మ,
మోసుకొచ్చే నూనెది.
పెట్టె మీద మాత్రం
అది ఇంకా పనిచేయని పదార్థమే.

‘ఏం పోశారబ్బయా నాలోకి?’
నోరు జారి, ఆముదం, అన్నాను.

నవ్వింది. దగ్గొచ్చిందాకా నవ్వింది.
‘ఆముదమా!
కంది సాళ్ళ నడుమ గింజేసి,
కాయలు ఎండేసి, కొట్టి, చెరిగి,
మంగలంలో వేయించి, రోట్లో దంచి,
దబరలో నీళ్ళు పోసి కాగబెడితే
పైకి తేలుద్ది.
కోడీకతో తీసి బుడ్డిలో వొంచుతా.
నీళ్ళల్లో కలిసిపోతే
అది ఆముదమెట్టయిద్దబ్బా?’

చెప్పబోయాను.
మిగతా నూనెలకు లేని కొక్కెమొకటి ఆముదానికుందని,
ఫ్యాక్టరీలో దానికి
నీళ్ళంటే ప్రాణమిచ్చే తోకలు తగిలిస్తారని,
అప్పుడది ఒక చేత్తో నీటినీ
ఇంకో చేత్తో నీటికి లొంగని మందునూ పట్టుకుని
నరంలోకి నడుస్తుందని.
మధ్యలోనే నా మొహం
ఆముదం తాగినట్టయింది.
ముప్పయ్యేళ్ళు నీటినీ నూనెనూ
విడదీసిన మనిషికి
కలపడం గురించి ఏం చెప్పను?

వాసన చూస్తానంది.
విషం, సీసా ఇవ్వకూడదు.
పక్కనున్న మనవరాలు కల్యాణి సంచి వెతికింది:
ట్రంకు రోడ్డులో కొన్న
ముఖం రంగు తుడిచే నీళ్ళ బాటిల్.
వెనక అదే ఇంటిపేరు,
పెగ్-40 హైడ్రోజనేటెడ్ క్యాస్టర్ ఆయిల్.
మాలకొండమ్మ మూత తీసి
ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకుంది.
‘గులాబీ వాసనొస్తుండాది.
పాపం, దీనికి ఊరు లేకుండా చేశారే.’

సీసా మళ్ళీ తగిలించాం, సగం వేగంతో.
గోడ గడియారం కన్నా నిదానంగా
పొద్దుగుంకే వేళకు అయిపోయింది.

మూడో విడతకు తలకు తువ్వాలు చుట్టుకొచ్చింది.
నేనడగలేదు, తనే అంది:
‘పెళ్ళినాటికి పిరుదులు దాటిన జడ,
అంతా ఆముదం చలవే.
ఇప్పుడు రాల్చేదాన్ని
అదే వీపున మోసకొచ్చింది.
కోపమేం లేదులే.
మోసేదానికేం తెలుసు?’

కొంగుముడి విప్పి
దగ్గుమందు బుడ్డి చేతిలో పెట్టింది,
మూతకు గుడ్డ బిగించి.
‘మీ చంటోడి మాడుకంటబ్బయా,
నేను కాసిందే, పోయినేడు.’

ఇంటికి తీసుకుపోలేదు ఇంకా.
బల్ల సొరుగులో ఉంది.
ఏసీ చలికి ఇంకాస్త చిక్కబడి,
వొంచితే ఆలోచించి కదులుతోంది.
సొరుగు లాగితే చాలు,
గదంతా వేయించిన గింజల వాసన.
తెల్ల టేపు అంటించి పేరు రాశాను,
ఊరు రాశాను,
గడువు తేదీ దగ్గర పెన్ను ఆగింది.

మంగళవారం నాలుగో సీసా.
చుక్క నిదానంగా వదలమని
షాహిదాకు చీటీ పెట్టాను.